గోల్ఫ్ ట్రావెల్ బ్యాగు

గోల్ఫ్ క్లబ్బులను విమానంలో చెక్-ఇన్ సామానుగా పంపేటప్పుడు, వాటి బ్యాగుకు రక్షణగా తొడిగే పొడవాటి సంచిని గానీ, దాన్ని లోపల పెట్టుకునే గట్టి పెట్టెను గానీ గోల్ఫ్ ట్రావెల్ బ్యాగు అంటారు. మన గోల్ఫర్లలో చాలామంది దీన్ని ట్రావెల్ కవర్ అంటారు. మెత్తని గుడ్డ సంచులు, గట్టి ప్లాస్టిక్ పెట్టెలు, రెండింటి లక్షణాలూ కలిసిన మిశ్రమ సంచులు అని వీటిలో మూడు ప్రధాన రకాలున్నాయి. కొనేవారు మొదట మెత్తనిదా, గట్టిదా అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. క్లబ్బులు విరిగేది మాత్రం ఎక్కువగా సంచి గోడ బలహీనమై కాదు, లోపల క్లబ్బుల తలలు కదలడం వల్ల. ఆ కదలికను ఆపగలిగే ఏర్పాటు, ప్రయాణంలో మోయగలిగే బరువు, విమాన సంస్థ నియమాలకు లోబడే కొలతలు అనే మూడింటినీ కలిపి చూసినప్పుడే ఎంపిక సరిగా కుదురుతుంది.

నేపథ్యం

గోల్ఫ్ సామాను ఎంత ఉండాలో, ఎంత పొడవుండాలో ఆట నియమాలే చాలావరకు నిర్ణయించాయి. 1930ల్లో కొందరు ఆటగాళ్లు పాతికకు పైగా క్లబ్బులతో మైదానంలోకి దిగేవారు. 1938లో అమెరికా గోల్ఫ్ సంఘం, 1939లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా ఉన్న ఆర్ అండ్ ఎ సంస్థ ఈ సంఖ్యను 14కు పరిమితం చేశాయి. బంతిని గుంతలోకి నెట్టే పటర్ తప్ప మరే క్లబ్బూ 48 అంగుళాల (సుమారు 122 సెం.మీ.) పొడవు దాటకూడదు. వృత్తి పోటీల నిర్వాహకులు కోరుకుంటే దీన్ని 46 అంగుళాలకు కుదించే స్థానిక నియమం 2022 జనవరి నుంచి అందుబాటులో ఉంది. ఎక్కువ దూరం కొట్టడానికి వాడే పొడవాటి క్లబ్బైన డ్రైవర్, దుకాణాల్లో దొరికేది, సాధారణంగా 45 నుంచి 46 అంగుళాల పొడవుంటుంది. పలచని లోహపు తల ఉండే ఐరన్లలో ఏడో నంబరుది సుమారు 37 అంగుళాలు, పటర్ 33 నుంచి 35 అంగుళాలు ఉంటాయి. అందువల్ల గోల్ఫ్ సామాను ఎంత తగ్గించుకున్నా మామూలు సూట్‌కేసులో ఇమడదు.

క్లబ్బులను చేత్తో పట్టుకొని క్యాబిన్‌లోకి తీసుకెళ్లే వీలు కూడా లేదు. దెబ్బ కొట్టడానికి వాడుకోగల వస్తువులన్న కారణంతో భారతదేశంలోనూ అమెరికాలోనూ వీటిని క్యాబిన్‌లోకి అనుమతించరు. అమెరికా రవాణా భద్రతా సంస్థ 2013 మార్చిలో చిన్న చాకులతో పాటు రెండు గోల్ఫ్ క్లబ్బులను కూడా క్యాబిన్‌లోకి అనుమతిస్తామని ప్రకటించింది. విమాన సిబ్బంది నుంచి గట్టి వ్యతిరేకత రావడంతో జూన్‌లో ఆ ఆలోచన విరమించుకుంది. కాబట్టి విమానంలో వెళ్లే ప్రతి క్లబ్బూ కార్గో అరలోకి చేరాల్సిందే.

క్లబ్బుల తయారీలో వచ్చిన మార్పులు కూడా రక్షణ అవసరాన్ని పెంచాయి. హికరీ కలప షాఫ్టుల (క్లబ్బు కాడల) స్థానంలో ఉక్కు షాఫ్టులకు ఆర్ అండ్ ఎ 1929లో అనుమతి ఇచ్చింది. 1970ల నుంచి తేలికైన గ్రాఫైట్ షాఫ్టులు వచ్చాయి. డ్రైవర్ తల కలప నుంచి ఉక్కుకు, అక్కడి నుంచి టైటానియానికి మారి, 460 ఘన సెంటీమీటర్ల గరిష్ఠ పరిమాణానికి పెరిగింది. ఆ పెద్ద తల పైకప్పు మాత్రం చాలా పల్చనైంది. నేటి క్లబ్బులు ఆటగాడి ఎత్తుకు, చేతి వేగానికి, బంతిని కొట్టే కోణానికి తగ్గట్టు కొలిచి అమర్చినవి. ఒకటి విరిగితే ప్రయాణంలో ఉన్న ఊళ్లో సరిగ్గా అలాంటిదే దొరకడం కష్టం. సెలవు పెట్టి, డబ్బు కూడబెట్టి ఎంతో దూరం ఆడడానికి వెళ్లిన మనిషికి ఆ నష్టం క్లబ్బు ధరతో తీరేది కాదు.

దెబ్బ తగిలే తీరు

డ్రైవర్ షాఫ్టు పట్టు వైపు సుమారు 15 మిల్లీమీటర్ల వ్యాసంతో మొదలై, తల వైపుకు వచ్చేసరికి 8.5 మిల్లీమీటర్లకు సన్నబడుతుంది. ఆ సన్నని చివర సుమారు 200 గ్రాముల తల ఉంటుంది. అంటే అత్యంత బలహీనమైన చోటే అత్యంత బరువైన భాగం కూర్చొని ఉంటుంది. షాఫ్టు తలలోకి దిగే గొట్టాన్ని హోజెల్ అంటారు. ప్రయాణంలో విరిగిన షాఫ్టుల్లో చాలావాటికి బీట ఆ హోజెల్‌కు కాస్త పైనే కనిపిస్తుంది.

ఈ విరుపుకు దారితీసే సందర్భాలు మూడు. మొదటిది, సంచి తలకిందులుగా పడడం. అప్పుడు సంచి మొత్తం బరువు, అన్నిటికంటే పొడుగ్గా ముందుకు పొడుచుకొచ్చిన డ్రైవర్ తల మీదే పడుతుంది. రెండోది, సంచి పైభాగం మీద పక్క నుంచి బరువు పడడం. గోల్ఫ్ బ్యాగు అంచు దగ్గర షాఫ్టులకు ఆనుడు ఉంటుంది, దాని పైన తలలున్న భాగం మాత్రం గాలిలో తేలుతుంది. అక్కడ సూట్‌కేసు పడితే షాఫ్టు ఆ అంచు మీదుగా వంగుతుంది. మూడోది, తలలు ఒకదానితో ఒకటి ఢీకొనడం. దీనివల్ల క్లబ్బు అప్పటికప్పుడు విరగదు గానీ, డ్రైవర్ పైకప్పుకు సొట్టలు పడతాయి, గ్రాఫైట్ షాఫ్టుకు గీతలు పడి తరువాత ఎప్పుడో ఆటలో విరగవచ్చు. మెత్తని ఉక్కుతో సుత్తిపోటు వేసి చేసిన ఐరన్లకు గట్టి దెబ్బ తగిలితే తల కోణం కాస్త మారే ప్రమాదం కూడా ఉంది.

గాజుల మలారంలో గాజులు పగలకుండా దూరాభారం ప్రయాణించేది మెత్తని గుడ్డ వల్ల కాదు, ఒకదానికొకటి బిగుసుకొని కదలకుండా ఉండడం వల్ల. గోల్ఫ్ ట్రావెల్ బ్యాగు లోపలి రక్షణ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. పై గోడ దెబ్బను కొంత పీల్చుకుంటుంది, కానీ లోపల ఖాళీ ఉంటే మిగిలిన దెబ్బ తలలనే వెతుక్కుంటుంది.

రకాలు

మెత్తని సంచులు: మందపాటి నైలాన్ లేదా పాలిస్టర్ గుడ్డతో కుట్టి, పైభాగంలో నురుగు పొరలు దట్టంగా నింపిన సంచులివి. బరువు సుమారు 3.5 నుంచి 5 కిలోలు ఉంటుంది. ఇంట్లో మడిచి బీరువా పక్కన పెట్టుకోవచ్చు, చిన్న కారు డిక్కీలో ఇమిడిపోతాయి, పెద్ద క్లబ్బుల బ్యాగును కూడా కాస్త సాగి మింగేస్తాయి. బట్టలు, బూట్లు పెట్టుకోవడానికి పక్క జేబులుంటాయి. వృత్తి ఆటగాళ్లలో విస్తారంగా వాడుకలో ఉన్న క్లబ్ గ్లవ్ కంపెనీ లాస్ట్ బ్యాగ్ ఈ కోవదే. పైనుంచి పడే దెబ్బకు ఇవి సొంతంగా ఎదురు నిలవలేవు. కింద వివరించే ఆసరా కర్ర లేకుండా మెత్తని సంచిలో డ్రైవర్‌ను పంపడం శ్రేయస్కరం కాదు.

గట్టి పెట్టెలు: ఏబీఎస్, పాలిథిలీన్ వంటి ప్లాస్టిక్‌ను అచ్చు పోసి చేసిన పెట్టెలివి. పక్క నుంచి వచ్చే ఒత్తిడికి, పదునైన మూలల పోటుకు ఇవే మెరుగ్గా నిలుస్తాయి. అమెరికా విమాన రవాణా సంఘం రూపొందించిన స్పెసిఫికేషన్ 300 అనే ప్రమాణంలో మొదటి తరగతి పెట్టెలు కనీసం 100 రానుపోను ప్రయాణాలు తట్టుకునేలా ఉండాలి. ఎస్‌కేబీ వంటి కంపెనీలు ఈ ప్రమాణాన్ని దృష్టిలో పెట్టుకొని గోల్ఫ్ పెట్టెలు చేస్తాయి. వీటి బరువు సాధారణంగా 5.5 నుంచి 8 కిలోలు. ఇవి మడతపడవు, చిన్న టాక్సీలో పట్టవు, హోటల్ గదిలో చోటు తింటాయి. బండి మీద పెట్టుకునే పెద్ద నోరున్న కార్ట్ బ్యాగు కొన్ని పెట్టెల్లో దూరదు. పెట్టె గట్టిదైనా లోపల క్లబ్బులు వదులుగా ఉంటే, తలకిందులుగా పడినప్పుడు డ్రైవర్ మూతకు కొట్టుకొని విరిగే ప్రమాదం అలాగే ఉంటుంది.

మిశ్రమ సంచులు: తలలుండే పైభాగం గట్టి గుల్లగా, కింది భాగం గుడ్డగా ఉండే సంచులివి. రక్షణ ఎక్కడ అవసరమో అక్కడే బరువు పెట్టడం దీనిలోని తెలివి. బరువు, ధర, నిల్వ సౌకర్యం మూడింటిలోనూ మిగతా రెండు రకాలకు మధ్యస్థంగా ఉంటాయి. ఏడాదికి రెండు మూడు సార్లు ప్రయాణించే ఔత్సాహిక ఆటగాళ్లకు ఇవి చాలా సందర్భాల్లో సరిపోతాయి.

గుడ్డ, కుట్టు, చక్రాలు

గుడ్డ బలాన్ని చాలా కంపెనీలు డెనియర్ సంఖ్యతో చెబుతాయి. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని డెనియర్. ట్రావెల్ బ్యాగుల్లో 600 డెనియర్ పాలిస్టర్ నుంచి 1,000 డెనియర్ కార్డురా నైలాన్, 1,680 డెనియర్ బాలిస్టిక్ నైలాన్ వరకు కనిపిస్తాయి. ఒకే డెనియర్ దగ్గర పాలిస్టర్ కంటే నైలాన్ ఒరిపిడిని బాగా తట్టుకుంటుంది. అందువల్ల సంఖ్యతో పాటు అది ఏ నూలో కూడా చూడాలి. డెనియర్ పెద్దదైతే గుడ్డ తేలిగ్గా చిరగదు. అంతమాత్రాన లోపలి క్లబ్బు విరగదని కాదు. క్లబ్బును కాపాడే పని నురుగు పొరది, ఆసరా కర్రది.

సంచి మొదట పాడయ్యే చోట్లు జిప్పు, పట్టీల కుట్లు, చక్రాల ఇరుసులు. జిప్పు పళ్లు పెద్దవిగా, లాగుడు ముక్కలు రెండుగా ఉండాలి. అవి సంచి పొడవునా తెరుచుకుంటే సర్దడం తేలిక. పైభాగంలో, మధ్యలో, అడుగున మొత్తం మూడు పిడులైనా ఉండడం మంచిది. ఎత్తి వేసే లోడరుకు పట్టుకోవడానికి వీలైన చోటు కనిపిస్తే సంచిని విసిరేసే అవకాశం తగ్గుతుంది. మధ్యలో బిగించే బెల్టులు లోపలి బ్యాగు జారకుండా పట్టి ఉంచుతాయి.

చక్రాలు బయటికి పొడుచుకు వచ్చినవైతే తొందరగా విరుగుతాయి. లోపలికి ఒదిగి, గట్టి ప్లాస్టిక్ అడుగు పలకలో బిగించినవి ఎక్కువ కాలం వస్తాయి. రెండు చక్రాల సంచిని వంచి లాగాలి, సగం బరువు చేతి మీద పడుతుంది. మాంటానా రాష్ట్రానికి చెందిన సన్ మౌంటెన్ కంపెనీ క్లబ్‌గ్లైడర్ సంచిలో మడత కాళ్లకు అదనపు చక్రాలు అమర్చి, సంచి తన బరువు తానే మోసుకుంటూ నడిచేలా చేసింది. పొడవాటి టెర్మినళ్లలో, నడుము నొప్పి ఉన్నవారికి, వయసు మళ్లినవారికి ఇది ఎంతో ఉపకారం చేసే ఏర్పాటు. దానికి బదులుగా ఒకట్రెండు కిలోల బరువు పెరుగుతుంది.

ఆసరా కర్ర

మెత్తని సంచిలో పెట్టే అన్ని అదనపు వస్తువుల్లో ఎక్కువ ఫలితమిచ్చేది పొడవు సర్దుకోగల ఆసరా కర్ర. అల్యూమినియం గొట్టాలు ఒకదానిలో ఒకటి దూరి, కావలసిన ఎత్తులో బిగుసుకునేలా చేసిన సాధనం ఇది. క్లబ్ గ్లవ్ వారి స్టిఫ్ ఆర్మ్, బ్యాగ్ బాయ్ వారి బ్యాక్‌బోన్ ఈ తరగతికి చెందినవే. దీన్ని క్లబ్బుల మధ్య నిలబెట్టి, అడుగు బ్యాగు అట్టడుగుకు ఆనేలా, పైకొస డ్రైవర్ తల కంటే ఒకట్రెండు అంగుళాలు ఎత్తుండేలా సర్దాలి. సంచి తలకిందులుగా పడితే దెబ్బను ముందు ఆ కర్ర అందుకొని అడుగు పలకకు చేరవేస్తుంది.

కర్ర డ్రైవర్ కంటే పొట్టిగా ఉంటే దానివల్ల ప్రయోజనం లేదు. మరీ పొడుగైతే సంచి పైగుడ్డను లోపలి నుంచి పొడుస్తుంది. బరువు అర కిలోకు అటూ ఇటూ, ధర మంచి సంచి ధరలో చిన్న భాగం. ఖరీదైన సంచి కొని కర్ర మానేయడం కంటే మధ్యరకం సంచిలో కర్ర పెట్టుకోవడమే మేలు.

కొలతలు, బరువు

విమాన సంస్థలు సాధారణ చెక్-ఇన్ సామానుకు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెం.మీ. (62 అంగుళాలు) మించకూడదంటాయి. గోల్ఫ్ ట్రావెల్ బ్యాగు సుమారు 50 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల మందం ఉంటుంది. కలిపితే 79 అంగుళాలు, అంటే దాదాపు 200 సెం.మీ. అందుకే చాలా సంస్థలు గోల్ఫ్ సామానుకు కొలతల విషయంలో మినహాయింపు ఇస్తాయి. బరువు విషయంలో మాత్రం ఆ ఉదారత ఉండదు. చాలా అంతర్జాతీయ ప్రయాణాల్లో ఎకానమీ తరగతి సంచికి 23 కిలోల పరిమితి ఉంటుంది. ఎత్తే కార్మికుల ఆరోగ్యం దృష్ట్యా ఏ ఒక్క సంచీ 32 కిలోలు దాటకూడదన్నది సర్వత్రా పాటించే కట్టుబాటు.

లెక్క ఇలా వేసుకోవచ్చు. 14 క్లబ్బులు కలిపి సుమారు 6 కిలోలు. కాళ్ల మీద నిలబడే తేలికపాటి స్టాండ్ బ్యాగు 2 నుంచి 2.5 కిలోలు, కార్ట్ బ్యాగు 3 కిలోలు, వృత్తి ఆటగాళ్ల పెద్ద బ్యాగు 5 కిలోలకు పైనే. డజను బంతులు అర కిలోకు కాస్త ఎక్కువ. స్టాండ్ బ్యాగును 4.5 కిలోల మెత్తని సంచిలో పెడితే మొత్తం 13 కిలోలు. 23 కిలోల పరిమితిలో బూట్లకు, బట్టలకు ఇంకా 10 కిలోల చోటు మిగులుతుంది. అదే కార్ట్ బ్యాగును 7 కిలోల గట్టి పెట్టెలో పెడితే క్లబ్బులు, బంతులతోనే 16 కిలోలు దాటుతుంది. భారతదేశంలో దేశీయ విమానాల ఎకానమీ తరగతిలో ఎక్కువ సంస్థలు ఇచ్చే ఉచిత పరిమితి 15 కిలోలే. అంటే ఈ రెండో అమరికకు బూట్లు పెట్టకముందే అదనపు రుసుము మొదలవుతుంది.

కొనేముందు తన దగ్గరున్న డ్రైవర్ పొడవు, బ్యాగు నోటి వ్యాసం కొలుచుకొని వెళ్లాలి. సంచి లోపలి పొడవు డ్రైవర్ కంటే కనీసం మూడు నాలుగు అంగుళాలు ఎక్కువుండాలి. బయటి కొలతను చూసి లోపల పడుతుందనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు.

విమాన సంస్థల నియమాలు

ఈ నియమాలు ప్రధానంగా రెండు పద్ధతుల్లో ఉంటాయి. అమెరికా, కెనడా ప్రయాణాల్లో సంచుల సంఖ్యను బట్టి లెక్కిస్తారు. అక్కడి పెద్ద సంస్థలు గోల్ఫ్ సంచిని ఒక మామూలు చెక్-ఇన్ సంచిగా పరిగణించి, కొలత ఎక్కువైనందుకు వేసే రుసుము మినహాయిస్తాయి. బరువు ఎక్కువైతే మాత్రం వసూలు చేస్తాయి. ఆసియాలో అనేక మార్గాల్లో మొత్తం బరువును బట్టి లెక్కిస్తారు. అక్కడ గోల్ఫ్ సంచి, సూట్‌కేసు రెండూ కలిపి పరిమితిలో ఉండాలి. ఐరోపాలోని చౌక విమాన సంస్థలు గోల్ఫ్ సామానుకు విడిగా రుసుము పెడతాయి. దాన్ని ముందే ఆన్‌లైన్‌లో కడితే కౌంటర్ దగ్గర కట్టేదానికంటే తక్కువ పడుతుంది.

ఒకే టికెట్ మీద రెండు సంస్థల విమానాలు ఎక్కుతున్నప్పుడు ఎవరి నియమం వర్తిస్తుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఏటీఆర్ 72 వంటి చిన్న విమానాల్లో సామాను అర చిన్నది. గోల్ఫ్ సంచిని తరువాతి విమానంలో పంపే పరిస్థితి రావచ్చు కాబట్టి ముందుగా చెప్పి ఉంచడం మంచిది. కొన్ని సంస్థలు గోల్ఫ్ సామాను అంటే ఒక బ్యాగు, 14 క్లబ్బులు, బంతులు, ఒక జత బూట్లు అని స్పష్టంగా నిర్వచిస్తాయి. అలాంటి చోట సంచిలో బట్టలు కూరితే మినహాయింపు పోయే ప్రమాదముంది.

సర్దే పద్ధతి

తల విడదీయగల డ్రైవర్లు, ఫెయిర్‌వే వుడ్లు అనే పొడవాటి క్లబ్బులు ఇప్పుడు సాధారణం. కంపెనీ ఇచ్చే చిన్న టార్క్ రెంచితో స్క్రూ విప్పితే తల, షాఫ్టు వేరవుతాయి. తలను దాని కవర్‌తో సహా బట్టల మధ్య సర్ది, షాఫ్టును బ్యాగులో పెట్టి పంపడమే అన్నిటికంటే భద్రమైన మార్గం. విరగడానికి కారణమయ్యే బరువు షాఫ్టు చివర లేకుండా పోతుంది. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 వ్యోమగామి అలన్ షెపర్డ్ చంద్రుడి మీద గోల్ఫ్ ఆడిన క్లబ్బు కూడా ఇలా విడదీసి తీసుకెళ్లినదే. ఆరో నంబరు ఐరన్ తలను, మట్టి నమూనాలు తీసే పరికరం పిడికి అక్కడే తగిలించి ఆయన బంతిని కొట్టాడు. ఆ క్లబ్బు ఇప్పుడు న్యూజెర్సీలోని అమెరికా గోల్ఫ్ సంఘం మ్యూజియంలో ఉంది. విడదీసిన డ్రైవర్ తలను గమ్యం చేరాక ముందున్న అమరికలోనే బిగించి, రెంచి టక్కుమనే వరకు తిప్పాలి. ఆట మొదలయ్యాక ఆ అమరికను మార్చడానికి నియమాలు ఒప్పుకోవు.

తల విడదీయలేని క్లబ్బులకు తల కవర్లు తొడిగి, పొడవాటివాటిని బ్యాగు మధ్యలోకి, పొట్టి ఐరన్లను అంచులకు సర్దాలి. ఐరన్ తలల మధ్య తువాలు అల్లుతూ పోతే ఒకదానికొకటి తగలవు. అన్ని తలలనూ కలిపి మరో పెద్ద తువాలుతో చుట్టి పట్టీతో బిగించాలి. తరువాత ఆసరా కర్ర ఎత్తు సరిచూసి, బ్యాగు వాన మూత వేసి, సంచిలో పైభాగాన మిగిలిన ఖాళీని రెయిన్ జాకెట్, స్వెటర్ వంటి మెత్తని బట్టలతో నింపాలి. బూట్లు అడుగు వైపు ఉండాలి. బరువైన బంతుల పెట్టెలు తలల దగ్గర ఉండకూడదు, పడినప్పుడు అవే సుత్తి దెబ్బలవుతాయి.

సర్దుడు పూర్తయ్యాక సంచిని మెల్లగా ఊపి చూడాలి. లోపల ఏదైనా కొట్టుకుంటున్న శబ్దం వస్తే మళ్లీ తెరిచి సర్దాలి. భద్రతా సిబ్బంది సంచిని తెరిచి చూసే అవకాశం ఉంది కాబట్టి అమరిక సరళంగా ఉండాలి. చిక్కుముడిగా సర్దినది వాళ్లు తిరిగి అలాగే సర్దలేరు.

విమానాశ్రయంలో

గోల్ఫ్ సంచికి ట్యాగు వేశాక దాన్ని మామూలు బెల్టు మీద కాకుండా ఓవర్‌సైజ్ కౌంటర్ దగ్గర ఇవ్వమంటారు. దానికి అదనంగా అరగంట అనుకోవాలి. దిగిన చోట కూడా అది తరచు మామూలు బెల్టు మీదికి రాదు, పెద్ద సామాను తలుపు దగ్గర వెతకాలి. సంచి ఇచ్చేముందు లోపలి అమరికను, బయటి రూపాన్ని ఫొటో తీసుకోవడం తరువాత నష్టపరిహారానికి అక్కరకొస్తుంది. పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం సంచి లోపల కూడా ఉండాలి, ఎందుకంటే పైట్యాగు ఊడిపోవచ్చు. అమెరికా ప్రయాణాల్లో భద్రతా సిబ్బంది తమ తాళంచెవితో తెరవగల ఆమోదిత తాళాన్నే వాడాలి. లేకపోతే తనిఖీకి తాళం పగలగొట్టవచ్చు.

దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌ను, జీపీఎస్ గడియారాన్ని చేతి సంచిలో పెట్టుకోవాలి. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో పెట్టడం నిషిద్ధం. 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీలను ప్రయాణికుల సామానుగా అనుమతించరు కాబట్టి విద్యుత్ ట్రాలీ బ్యాటరీల్లో చాలావాటికి విమానంలో చోటు లేదు. క్లబ్బు గ్రిప్పులు (పట్టు తొడుగులు) మార్చడానికి వాడే మండే ద్రావకాలకూ అనుమతి లేదు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా వెళ్లేవారు బూట్లకు, క్లబ్బులకు అంటిన మట్టి, గడ్డి పూర్తిగా కడిగి ఆరబెట్టాలి. వాడిన గోల్ఫ్ సామాను ఉందని ప్రకటించాలి. ఆ దేశాల వ్యవసాయాన్ని తెగుళ్ల నుంచి కాపాడుకునే జీవభద్రతా తనిఖీ చాలా కఠినంగా ఉంటుంది.

సామాను దారి తప్పే సమస్య కూడా చిన్నది కాదు. విమానయాన సమాచార సాంకేతిక సంస్థ సీటా నివేదికల ప్రకారం ప్రతి 1,000 మంది ప్రయాణికులకు ఆలస్యమైన, దెబ్బతిన్న, పోయిన సంచులు 2022లో 7.6, 2023లో 6.9. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం తీర్మానం 753 ప్రకారం 2018 జూన్ నుంచి సభ్య సంస్థలు సంచిని తీసుకున్నప్పుడు, ఎక్కించినప్పుడు, విమానం మార్చినప్పుడు, అప్పగించినప్పుడు నమోదు చేయాలి. అయినా ఎయిర్‌ట్యాగ్ వంటి చిన్న జాడ పరికరం ఒకటి బ్యాగు జేబులో వేసుకుంటే సంచి ఏ ఊళ్లో ఆగిందో యజమానికే తెలుస్తుంది.

నష్టపరిహారం

అంతర్జాతీయ ప్రయాణాల్లో సామాను నష్టానికి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. భారతదేశం 2009లో ఇందులో చేరింది. 2024 డిసెంబరు 28 నుంచి ఒక ప్రయాణికుడికి గరిష్ఠ పరిమితి 1,519 ప్రత్యేక ఉపసంహరణ హక్కులు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్క యూనిట్లు), అంటే సుమారు 2,000 అమెరికన్ డాలర్లు. కొత్త క్లబ్బుల సెట్టు ధర చాలాసార్లు దీనికి మించే ఉంటుంది. దెబ్బతిన్న సామాను గురించి చేతికందిన 7 రోజుల్లోపు, ఆలస్యమైతే అందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. దావా వేయడానికి గడువు రెండేళ్లు. అమెరికా దేశీయ ప్రయాణాల్లో సంస్థలు తమ బాధ్యతను 4,700 డాలర్ల కంటే తక్కువకు పరిమితం చేయకూడదని 2025 జనవరి నుంచి నియమం ఉంది.

చేతికందగానే, విమానాశ్రయం దాటకముందే సంచి తెరిచి ప్రతి షాఫ్టునూ వేళ్లతో తడిమి చూడాలి. గ్రాఫైట్ షాఫ్టును మెల్లగా మెలిపెట్టినప్పుడు కిర్రుమంటే బీట ఉందని అర్థం. నష్టం కనబడితే అక్కడే బ్యాగేజీ కౌంటర్లో నివేదిక రాయించి నంబరు తీసుకోవాలి. సామానులో ముందే ఉన్న లోపం వల్ల జరిగిన నష్టానికి సంస్థ బాధ్యత వహించదని ఒప్పందమే చెబుతుంది. మెత్తని సంచిలో పంపిన క్లబ్బులకు బాధ్యత లేదని కొన్ని సంస్థలు తమ షరతుల్లో రాసుకుంటాయి, కౌంటర్ దగ్గర సంతకం కూడా అడుగుతాయి. గట్టి పెట్టెకు అనుకూలంగా ఉన్న బలమైన వాదనల్లో ఇదొకటి. విలువైన సెట్టుకు విడిగా క్రీడా సామగ్రి బీమా తీసుకోవడం, కొన్న రసీదులు దాచుకోవడం అవసరం.

ప్రత్యామ్నాయాలు

సంచిని తమతో తీసుకెళ్లకుండా కొరియర్‌లో ముందే గమ్యానికి పంపే సేవలు అమెరికాలో బాగా పెరిగాయి. షిప్ స్టిక్స్ వీటిలో పేరున్నది. క్లబ్బులు ఇంటి నుంచి నేరుగా రిసార్టుకు చేరుతాయి కాబట్టి విమానాశ్రయంలో మోత తప్పుతుంది. కొరియర్‌లో కూడా సంచి చేతులు మారుతూనే ఉంటుంది కాబట్టి సర్దే జాగ్రత్త మాత్రం తప్పదు. ఒక్కరోజు ఆటకు, కుటుంబ ప్రయాణంలో మధ్యలో ఆడే ఒక రౌండుకు అద్దె సెట్టు చాలు. ఏడెనిమిది క్లబ్బులతో సన్నని బ్యాగు సర్దుకెళ్లడం మరో మంచి మార్గం. బరువు సగానికి దగ్గరగా తగ్గుతుంది.

తెలుగు ప్రాంతాల నుంచి ప్రయాణం

హైదరాబాదులో గోల్కొండ కోట నయా కిలాలో ఉన్న మైదానం, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్, విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ తెలుగు రాష్ట్రాల్లో గోల్ఫ్‌కు ప్రధాన కేంద్రాలు. ఇక్కడి ఆటగాళ్లకు బెంగళూరు, ఢిల్లీ వంటి దేశీయ ప్రయాణాల్లో 15 కిలోల పరిమితి, థాయిలాండ్, దుబాయి వంటి విదేశీ ప్రయాణాల్లో మొత్తం బరువు పద్ధతి ఎదురవుతాయి. ఈ రెండింటిలోనూ తేలికైన సంచికే లాభం. అమెరికా తెలుగు కుటుంబాల్లోనూ గోల్ఫ్ ఆడేవారున్నారు. హైదరాబాదు మూలాలున్న కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి అమెరికా వృత్తి గోల్ఫ్ పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో విజేతగా నిలిచాడు. అక్కడి నుంచి స్వదేశానికి సెట్టు తెచ్చేవారికి సంచుల సంఖ్య పద్ధతి వర్తించినా, ఇక్కడి దేశీయ విమానం విడి టికెట్ మీద ఎక్కితే మళ్లీ 15 కిలోల పరిమితే ఎదురవుతుందని గుర్తుంచుకోవాలి.

ఎంపిక క్రమం

ఏడాదికి ఒకసారి, నేరుగా వెళ్లే విమానంలో ప్రయాణించేవారికి మధ్యరకం మెత్తని సంచి, ఆసరా కర్ర సరిపోతాయి. రెండు మూడు విమానాలు మారేవారికి, తల విడదీయలేని పాత డ్రైవర్ ఉన్నవారికి పైభాగం గట్టిగా ఉన్న మిశ్రమ సంచి మంచిది. తరచూ పోటీలకు వెళ్లేవారికి, ఖరీదైన సెట్టు ఉన్నవారికి, ఇంట్లోనూ కారులోనూ చోటున్నవారికి గట్టి పెట్టె తగినది. నడక కష్టమైనవారు అన్నిటికంటే ముందు చక్రాలు చూసుకోవాలి.

డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ఖర్చు పెట్టవలసిన వరుస కూడా ఇందులోనే తేలుతుంది. మొదట ఆసరా కర్ర, తరువాత తలల చుట్టూ దట్టమైన నురుగు, ఆపైన గట్టి చక్రాలు, జిప్పు, చివరగా పై గుడ్డ రకం, కంపెనీ పేరు. క్లబ్బు తల కదలకుండా ఆపడానికి పెట్టిన ప్రతి రూపాయీ నేరుగా క్లబ్బును కాపాడుతుంది. దేనికీ ఖర్చు పెట్టలేనివారు కూడా ఒక తువాలు, ఒక పట్టీ, పావుగంట ఓపికతో డ్రైవర్ తలను విప్పి సర్దుకుంటే, ఖరీదైన సంచిలో వదులుగా పడేసిన సెట్టు కంటే భద్రంగా గమ్యం చేర్చగలరు.